తేడా చేతుల్లో ఉందట

"బండిలో ఏమీ లేదమ్మా. తేడా చేతుల్లో ఉంది," అన్నాడు సర్వీస్ సెంటర్ కౌంటరు వెనక టై కట్టుకుని కూర్చున్న మనిషి.

అంతటితో ఊరుకున్నా పోయేది. రెండు పిడికిళ్లూ బిగించి, గాల్లో లేని స్టీరింగుని పట్టుకుని, భుజాలు చెవులదాకా లేపి, "ఇదుగో, ఇలా బిగబట్టి నడిపితే ఏ బండైనా ఊగుతుంది. కాస్త వదులుగా పట్టుకోండి. లేడీస్ హైవే ఎక్కగానే కంగారు పడతారు, మామూలే," అని అభినయించి మరీ చూపించాడు. తమ బండ్ల కోసం సోఫాలో కూర్చుని ఎదురుచూస్తున్న ఇద్దరు మగవాళ్లు పకపకా నవ్వారు. వాళ్లకది కాలక్షేపం.

డ్రైవరమ్మకి ఒళ్లు మండిపోయింది. "బాబూ, పదకొండేళ్లుగా ఆసుపత్రి బండ్లు నడుపుతున్నా. కంగారు పడేదాన్నయితే పదకొండు రోజులు కూడా నడిపేదాన్ని కాదు. ఎనభై దాటితే స్టీరింగు వణుకుతోంది. తిన్నటి రోడ్డు మీద బండి తిన్నగా పోవట్లేదు. ఇది చెప్పడం మూడోసారి," అంది.

"మేము చెయ్యడం కూడా మూడోసారే కదమ్మా! అలైన్‌మెంట్ చేశాం, బ్యాలెన్సింగ్ చేశాం. కంప్యూటర్ రిపోర్టు చూడండి, అంతా పచ్చరంగే," అంటూ ఒక కాగితం ఆమె ముందుకి తోశాడు. నిజమే, కాగితం నిండా పచ్చటి గళ్లే ఉన్నాయి. ఆ గళ్లు ఆమెని తొంభై స్పీడులో ఒకసారైనా చూశాయా అని అడగాలనిపించింది. చేసిన పనులన్నీ రాసిన జాబ్ కార్డు నేరుగా మీ ఆఫీసుకి వెళ్తుందని అతను చెప్పాడు. ఆమె తాళాలు తీసుకుని, నవ్విన ఇద్దరి వైపూ చెరో చూపు పారేసి బయటికి నడిచింది.

ఆమెకి పేరు లేక కాదు, ఆసుపత్రిలో అందరికీ ఆమె డ్రైవరమ్మే. అంతకుముందు తొమ్మిదేళ్లు అదే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. వార్డులు తుడిచింది, దుప్పట్లు మార్చింది, స్ట్రెచర్లు తోసింది. చక్రాలున్నదేదైనా ఏ మలుపులో ఎలా తిరుగుతుందో ఆమె మొదట నేర్చుకున్నది ఆ స్ట్రెచర్ల మీదే. ఒక చక్రం మొరాయించే స్ట్రెచరుని కూడా రోగికి కుదుపు తెలియకుండా ఎక్స్‌రే గదిదాకా తీసుకుపోయేది. అక్క మొగుడు డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. ఆదివారాలు ఆయన కారు కడిగిపెట్టి, బదులుగా డ్రైవింగ్ నేర్పమని పట్టుబట్టింది. "మరదలా, అది గేరు మార్చడమా, గడ్డి కొయ్యడమా?" అని ఆయన ఆటపట్టిస్తుంటే, పళ్లు బిగబట్టి నేర్చుకుంది. డ్రైవరు పోస్టు ఖాళీ అయినప్పుడు అర్జీ పెట్టింది. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ముసిముసిగా నవ్వుకుని, ఆసుపత్రి వెనకాల, చాకిరేవు గదికీ జనరేటరు గదికీ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి పాత అంబులెన్సుని వెనక్కి తీసుకురమ్మన్నారు. గోడకి గీత పడకుండా తెచ్చి నిలబెట్టింది. పోటీకొచ్చిన మగ అభ్యర్థులిద్దరూ బండి పక్క అద్దాలు గోడకి రాసేశారు. అలా వచ్చిన ఉద్యోగం అది, ఎవరి దయా కాదు.

ఇప్పుడు ఆమె నడుపుతున్నది ఏడుగురు కూర్చునే ఎత్తైన ఎస్‌యూవీ. ఆ ఊళ్లో కిడ్నీ రోగులకి రక్తం శుభ్రం చేసే యంత్రాలు లేవు. తొంభై కిలోమీటర్ల దూరంలో, అదే ట్రస్టువాళ్ల పెద్దాసుపత్రిలో ఉన్నాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే ఆరింటికి నలుగురు రోగులని ఎక్కించుకుని, ఎనిమిదికల్లా అక్కడ దించాలి. నాలుగు గంటలు యంత్రం మీద ఉంటారు. మళ్లీ వాళ్లని జాగ్రత్తగా ఇళ్లకి చేర్చాలి. వెళ్లేటప్పుడు కబుర్లు చెప్పే మనుషులు, వచ్చేటప్పుడు పిండేసిన బట్టల్లా సీట్లకి అతుక్కుపోతారు. సూదులు గుచ్చిన చెయ్యి కట్టుతో ఒళ్లో పెట్టుకుని, చిన్న గుంత వచ్చినా మొహం చిట్లిస్తారు.

ముందు సీటు ఎప్పుడూ డ్రిల్లు మేస్టారిదే. ముప్ఫై ఏళ్లు బడిపిల్లలతో పరుగులు పెట్టించి రిటైరైన మనిషి. కిడ్నీలు పాడైనా గొంతు మాత్రం ఈలలాగే ఉంది. బండిలో తేడా మొదట కనిపెట్టింది డ్రైవరమ్మే అయినా, మొదట నోరు విప్పింది ఆయన.

"అమ్మాయ్, ఈ గుర్రం కదం తప్పుతోంది," అన్నాడు ఒక సోమవారం.

గుర్రం కదం తప్పి అప్పటికి రెండు వారాలైంది. తిన్నటి రోడ్డు మీద స్టీరింగు కదపకుండా పట్టుకున్నా, బండి కాసేపు ఎడమకి జరిగేది, సరిచేస్తే కుడికి జారేది. లారీ పక్కనుంచి దూసుకుపోతే బండి మొత్తం దాని వైపు లాగినట్టయ్యేది. తొంభై కిలోమీటర్లూ చిన్న చిన్నగా సరిచేసుకుంటూ పోవడమే పని. ఇక స్పీడు ఎనభై దాటేసరికి స్టీరింగు చేతుల్లో గజగజలాడేది. తొంభై దగ్గర అరచేతులు తిమ్మిరెక్కేవి. వెనక సీట్లో కూర్చునే ముసలామె ఒకరోజు కట్టు కట్టిన చెయ్యి గుండెకి హత్తుకుని, "నా చెయ్యి నాకు కాకుండా పోయేట్టుందే తల్లీ," అని ఏడ్చింది.

డ్రైవరమ్మ లాగ్ బుక్కులో రాసింది. ఆసుపత్రి రవాణా ఆఫీసరు బండిని సర్వీసుకి పంపించాడు. వచ్చింది, అలాగే ఉంది. మళ్లీ రాసింది, మళ్లీ పంపించాడు. మళ్లీ అలాగే వచ్చింది. మూడోసారి తనే వెళ్లి తెచ్చుకుంటే, తేడా చేతుల్లో ఉందని తేలింది.

ఆ మర్నాటి నుంచి ఆమె అరవై ఐదు దాటి నడపలేదు. నలుగురి ప్రాణాలు బండిలో పెట్టుకుని అంతకన్నా చెయ్యగలిగింది లేదు. దాంతో పెద్దాసుపత్రికి అరగంట ఆలస్యంగా చేరేవాళ్లు. అక్కడి నర్సులు విసుక్కున్నారు, ఫిర్యాదు రాశారు. వారం తిరక్కుండా డ్రైవరమ్మ చేతికి మెమో వచ్చింది.

'వాహనము సరిగా ఉన్నట్లు సర్వీసు కేంద్రము ధ్రువీకరించిననూ, వాహనమును అదుపులో ఉంచుటలో తగిన మెలకువ చూపక, రోగులకు అసౌకర్యము కలిగించినందులకు సంజాయిషీ కోరడమైనది.'

ఆ కాగితాన్ని ఇంట్లో మొగుడికి చదివి వినిపించింది. ఆయన దర్జీ, ముందుగదిలోనే మిషను. కాలు తొక్కడం ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని అంతా విన్నాడు.

"తగిన మెలకువ చూపలేదట! నాకు మెలకువ లేదట!" అంటూ ఆమె గది ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతోంది. "అరవై ఐదులో నడిపానంటే ఎందుకు నడిపాను? నాకు సరదానా? వాళ్లు అసౌకర్యం అంటున్నారు. రేపు బండి పల్టీకొడితే దానికేం పేరు పెడతారు?"

"సంజాయిషీ రాసి పడేసి ఊరుకోరాదూ? ఇంకోసారి జరగదని రాస్తే వాళ్లూ ఊరుకుంటారు," అన్నాడు ఆయన మెల్లిగా.

"చెయ్యని తప్పు ఇంకోసారి చెయ్యనని రాయాలా?"

ఆయన మళ్లీ గుడ్డ మీదకి వంగాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఎక్కడ నోరు మూసుకోవాలో ఆయనకి కొలతలతో సహా తెలుసు.

మర్నాడు బుధవారం. ఆఫీసరు ఆమెని డ్యూటీకి పంపకుండా కూర్చోబెట్టి, రెండో బండి నడిపే డ్రైవరుని పంపించాడు. అతను మంచివాడే, చీమకి కూడా దారిచ్చే రకం. మధ్యాహ్నం తిరిగొచ్చి, బండి దిగి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉండగా ఆమె దగ్గరికొచ్చాడు.

"అక్కా, నువ్వు చెప్పింది నిజమే. అది బండి కాదు, ఉయ్యాల. నా భుజాలు పడిపోయాయి."

"అయితే ఆ మాట ఆఫీసరుతో చెప్పు. లాగ్ బుక్కులో రాయి."

అతను నేల చూపులు చూశాడు. "నాకెందుకక్కా... ఆయన అడిగితే మామూలుగానే ఉందని చెప్పేశాను. నాకిద్దరు పిల్లలు."

"ఆ బండిలో కూర్చునేవాళ్లకి పిల్లల్లేరా?" అంది ఆమె. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. సర్వీస్ సెంటర్లో నవ్విన వాళ్ల మీద కన్నా ఇతని మీద ఆమెకి ఎక్కువ కోపం వచ్చింది. వాళ్లకి తెలియదు, నవ్వారు. ఇతను తెలిసి కూడా తప్పుకున్నాడు.

నేరుగా ఆఫీసరు గదికి వెళ్లి, బండి తాళాలు బల్ల మీద పెట్టింది.

"ఈ తాళాలు మీ దగ్గరే ఉంచండి సార్. ఈసారి మీరొచ్చి నా పక్కన కూర్చోండి. తొంభైలో నడుపుతాను. అప్పటికీ బాగుందంటే రేపట్నుంచి మళ్లీ వార్డులు తుడుస్తాను."

ఆఫీసరు ఫైలు లోంచి తల ఎత్తకుండా, "నాకు అదే పనా? కంపెనీవాళ్లే బాగుందని రాసిచ్చాక నువ్వు చెప్పేదేంటి? నువ్వు ఇంజనీరువా?" అన్నాడు.

"కాదు సార్. నడిపేదాన్ని."

"అయితే నడుపు. శుక్రవారం ఎనిమిదింటికల్లా అక్కడుండాలి," అని తాళాలు ఆమె వైపు జరిపాడు.

తాళాలు వదిలేసి గుమ్మందాకా వెళ్లి, వెనక్కొచ్చి తీసుకుంది. తీసుకోకపోతే ఆ మెత్తటి డ్రైవరు మళ్లీ తొంభైలో తోలుకుపోతాడు, నలుగురూ అందులోనే ఉంటారు. ఆ ఆలోచనే ఆమెని గుమ్మం దాటకముందే వెనక్కి తిప్పింది.

శుక్రవారం పొద్దున్న డ్రిల్లు మేస్టారు ఒళ్లో ఒక నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. జరిగింది విని ఆయన రక్తం ఉడికిపోయింది. "ఎండలో పరుగెత్తే పిల్లాడు కళ్లు తిరుగుతున్నాయంటే, నీ చెప్పులు బాగానే ఉన్నాయి అన్నట్టుంది వీళ్ల వ్యవహారం," అన్నాడు. "నువ్వు నడుపు, నేను రాస్తాను. ఏ స్పీడులో ఏం జరుగుతోందో కేకెయ్యి."

రోడ్డు ఖాళీగా ఉన్నచోట మాత్రం, వెనకవాళ్లకి ముందే చెప్పి, ఒక్క నిమిషం పాటు స్పీడు పెంచింది. డెబ్భై, ఏమీ లేదు. ఎనభై, మొదలైంది. తొంభై, స్టీరింగు పట్టు తప్పేలా ఉంది. "ఇప్పుడు న్యూట్రల్ చేస్తున్నా మేస్టారూ," అని ఇంజను బలం తీసేసి బండిని దాని మానాన వదిలింది. వణుకు అలాగే ఉంది. బ్రేకు మెల్లిగా నొక్కింది. వణుకు పెరగలేదు, కానీ బండి ముక్కు ఒక పక్కకి తిరిగింది. మేస్టారు అన్నీ గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆ తర్వాత దారంతా అరవై ఐదే.

పెద్దాసుపత్రిలో నలుగురినీ దించాక, అక్కడి అంబులెన్సు డ్రైవర్ల దగ్గరికి వెళ్లి అడిగింది, ముందు చక్రాల సంగతి తెలిసినవాళ్లు ఎవరున్నారని. ముగ్గురూ ఒకే పేరు చెప్పారు. దారం మేస్త్రి. కంప్యూటర్లు రాకముందు బండి పక్కన దారం కట్టి, ఒంటికన్ను మూసి, చక్రాలు సరిచేసేవాడట. షెడ్డు రెండు వీధుల అవతలే ఉంది. నాలుగు గంటల సమయం ఉంది.

దారం మేస్త్రి అరవై దాటిన మనిషి. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని బోల్టులు కిరోసిన్‌లో కడుగుతున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు.

"అందరూ అలైన్‌మెంట్ చెయ్యమంటారు. ముందు జబ్బు చెప్పు. వణుకు ఏ స్పీడులో?"

"ఎనభైలో మొదలు, తొంభైలో ఎక్కువ."

"చేతుల్లోనా, సీటు కిందా?"

"చేతుల్లో."

"ఇంజను వదిలేస్తే?"

"తగ్గట్లేదు. న్యూట్రల్‌లో కూడా అంతే."

"బ్రేకేస్తే?"

"వణుకు పెరగదు. బండి మాత్రం పక్కకి తిరుగుతుంది." నోటు పుస్తకం తెరిచి చూపించింది.

మేస్త్రి ఆ పేజీ చదివి, ఆమె మొహం ఒకసారి చూసి, చేతులు గుడ్డతో తుడుచుకుని లేచాడు. "నీ దగ్గర సగం పని అయిపోయింది తల్లీ. నీ బండికి జబ్బు ఒకటి కాదు, రెండు. రెండూ కలిపి ఒకటే అనుకుంటే ఏదీ నయం కాదు."

ముందు వణుకు సంగతి చూశాడు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో తిప్పి వదిలి, ఒక సుద్దముక్కని టైరుకి వెంట్రుకవాసి దూరంలో కదలకుండా పట్టుకున్నాడు. చక్రం నిజంగా గుండ్రంగా ఉంటే సుద్ద అంతటా తగలాలి, లేదా ఎక్కడా తగలకూడదు. కుడి చక్రానికి ఎక్కడా తగల్లేదు. ఎడమ చక్రానికి మాత్రం ఒకేచోట, జానెడు మేర, టపటపా కొట్టి తెల్లటి మరక వేసింది. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని ఆ మరక వెనక, టైరు లోపలివైపు పెట్టించాడు. అరచేతి కింద రబ్బరు ఉబ్బి ఉంది, దెబ్బ తగిలి వాచిన నుదురులా.

"లోపల తీగల పొర విడిపోయింది. బ్యాలెన్సింగ్ మిషను దీనికి సున్నా చూపిస్తుంది. బరువు సరిపోయిందంటుంది కానీ, గుడ్డులా తిరుగుతోందని చెప్పదు. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎవరూ పెట్టలేదు."

"ఇది ఇంకెన్నాళ్లు ఆగుతుంది?" అని అడిగింది ఆమె.

"నెల ఆగచ్చు. ఇవాళ మధ్యాహ్నం పేలచ్చు."

డ్రైవరమ్మ అక్కడే, నూనె మరకల నేల మీద కూర్చుండిపోయింది. ఆ రోజు పొద్దున్నే తొంభై దాకా పోనిచ్చింది. పక్కన మేస్టారు, వెనక ముగ్గురు. ముందుగా వచ్చింది భయం. భయం వెనకాలే, దాన్ని తోసుకుంటూ కోపం వచ్చింది. మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు పచ్చటి గళ్లు చూపించారు.

మేస్త్రి ఆమెకి నీళ్లిచ్చి, రెండో జబ్బు వెతకడానికి బండి కిందున్న షెడ్డు గుంతలోకి దిగాడు. కాసేపటికి పిలిచాడు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటి ఉంటుంది, దాని మొదట్లో దాన్ని కదలకుండా పట్టే రబ్బరు బుష్షు. అక్కడ ఒక కడ్డీ దూర్చి నొక్కి చూపించాడు. వేలు దూరేంత సందు తెరుచుకుని మళ్లీ మూసుకుంది. రబ్బరు చిరిగి పేలికలై ఉంది.

"బండి నిలబడి ఉన్నప్పుడు చక్రం సరైన చోటే ఉంటుంది. కంప్యూటరు కొలిచేది అప్పుడే కదా, పచ్చరంగు వస్తుంది. రోడ్డెక్కాక చక్రం దాని ఇష్టం వచ్చినట్టు ముందుకీ వెనక్కీ పోతుంది. నువ్వు ఎటు తిప్పినా అది ఇంకోవైపు చూస్తుంది. ఇదుగో, ఈ బోల్టు చూడు. మట్టి పేరుకుని రాయిలా అయింది. దీని మీద ఏడాదిగా స్పానర్ పడలేదు."

ఆమె ఫోనుతో ఆ బోల్టునీ, చిరిగిన రబ్బరునీ, సుద్దమరకనీ ఫోటోలు తీసుకుంది. మేస్త్రి ఉబ్బిన టైరు తీసేసి స్టెప్నీ బిగించాడు. బుష్షు మాత్రం ఆఫీసు అనుమతి లేకుండా ముట్టుకోనన్నాడు. చూసింది చూసినట్టు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఒక్కసారి, మేస్టారు అడిగితేనే, ఎనభై ఐదు దాకా పోనిచ్చి వెనక్కి తగ్గించింది. చేతుల్లో వణుకు లేదు. బండి ఊగడం మాత్రం అలాగే ఉంది. రెండు జబ్బులని అన్న మేస్త్రి మాట అక్షరాలా నిజమైంది.

నలుగురినీ ఇళ్ల దగ్గర దించాల్సింది. ముగ్గురినే దించింది. డ్రిల్లు మేస్టారు దిగనన్నాడు. "పద, ఆఫీసుకి పోదాం," అన్నాడు కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ.

ఆ సాయంత్రం నాలుగింటికి రవాణా ఆఫీసరు గదిలో టై మనిషి కూడా ఉన్నాడు. వేరే బండి పనికి వచ్చాడట. డ్రైవరమ్మ ఉబ్బిన టైరుని బండి లోంచి దింపి, దొర్లించుకుంటూ తీసుకొచ్చి, ఆఫీసరు బల్ల ముందు పడేసింది. ధబ్బుమన్న చప్పుడికి టీ గ్లాసులు కదిలాయి.

"చెయ్యి పెట్టి చూడండి సార్."

ఆఫీసరు చెయ్యి పెట్టలేదు. "బండిని బయటి షెడ్డుకి తీసుకెళ్లావా? ఎవరి పర్మిషన్‌తో?" అన్నాడు.

ఆమె ఒక క్షణం ఏం విన్నదో నమ్మలేకపోయింది. టైరు పేలిపోయేదా అని కాదు, ఎవరికైనా ఏమైనా అయ్యిందా అని కాదు. పర్మిషనట!

"సార్, నలుగురు మనుషులు చచ్చిపోయేవాళ్లు. దానికి ఎవరి పర్మిషన్ కావాలి?" అంది. గొంతు గది దాటి వరండాలోకి వెళ్లింది. గుమస్తాలు తలలు తిప్పారు.

టై మనిషి కలగజేసుకున్నాడు. "అమ్మా, టైరు ఈ మధ్యలో దెబ్బ తిని ఉండచ్చు. మేము అన్నీ చెక్ చేశాం. జాబ్ కార్డు ఫైల్లోనే ఉంది. బుష్షులు చెక్ చేశాం, ఓకే. హైవే మీద టెస్ట్ డ్రైవ్ కూడా చేశాం."

"టెస్ట్ డ్రైవా? ఎంత దూరం?" అని అడిగింది. ఆ కాగితం ఆమె అంతవరకూ చూడనే లేదు.

ఆఫీసరు అయిష్టంగా ఫైలు తిప్పాడు. 'టెస్ట్ డ్రైవ్: హైవే, 25 కి.మీ., వంద స్పీడు. వాహనం సవ్యంగా ఉంది.' కింద సంతకం, ముద్ర.

డ్రైవరమ్మ లాగ్ బుక్కు తెరిచింది. బండి ఎవరి చేతికిచ్చినా, ఎవరి చేతిలోంచి తీసుకున్నా, మీటరు చూసి రాయడం ఆమెకి మొదటిరోజు నుంచీ అలవాటు. "మీకు ఇచ్చినప్పుడు లక్షా పన్నెండు వేల నాలుగు వందల ఆరు. తీసుకున్నప్పుడు నాలుగు వందల ఏడు." వేలు ఆ అంకెల మీద పెట్టి అలాగే ఉంచింది. "ఒక్క కిలోమీటరు. మిగతా ఇరవై నాలుగు ఎక్కడ నడిపారు బాబూ? ఈ కుర్చీలో కూర్చునా?"

టై మనిషి జాబ్ కార్డు తనవైపు తిప్పుకున్నాడు. "అది... టెక్నీషియన్ రాసి ఉంటాడు, నేను సంతకం..." అని నసిగాడు.

"నా చేతులు బాగాలేవని అందరి ముందూ నటించి చూపించావు. నా చేతులు ఎప్పుడూ దొంగ రాతలు రాయలేదు."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న డ్రిల్లు మేస్టారు లోపలికొచ్చి, ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అలసటతో మొహం వాడిపోయింది, కట్టు మీద చిన్న ఎర్రటి చుక్క ఉంది. "ఆఫీసరుగారూ, నేను ఆ బండిలో వారానికి మూడుసార్లు కూర్చుంటాను. ఇంకో ఫిర్యాదు నేను రాస్తాను. ట్రస్టు అధ్యక్షులకే రాస్తాను. మీరు ఆ టైరు మీద చెయ్యి పెడతారా, లేక ఆ సంగతి కూడా రాయమంటారా?"

ఆఫీసరు లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వంగి, టైరు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి ఆ ఉబ్బు దగ్గర ఆగింది. చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాతి పనులు చకచకా జరిగాయి. సోమవారం రోగులకి వేరే బండి ఏర్పాటు చేశారు. సర్వీస్ సెంటర్లో రెండువైపులా బుష్షులు మార్చారు, టైర్లు కొత్తవి వేశారు. డ్రైవరమ్మ పని జరిగిన రెండు రోజులూ గుంత అంచున నిలబడి, పాత రబ్బరు ముక్కలు తన చేతికిచ్చేదాకా కదల్లేదు. కుర్చీ తెచ్చి వేశారు, కూర్చోలేదు. టెస్ట్ డ్రైవ్‌కి తనే స్టీరింగు ముందు కూర్చుని, టై మనిషిని పక్క సీట్లో ఎక్కించుకుంది. వందలో కూడా బండి గీత గీసినట్టు పోయింది. ఇరవై ఐదు కిలోమీటర్లు పూర్తిగా తిప్పి తీసుకొచ్చింది. అతను దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "సారీ అమ్మా," అన్నాడు. ఆమె విని, గేరు మార్చింది. ఆ మాట సోఫాలో జనం ఉన్నప్పుడు అని ఉంటే వేరే సంగతి.

నెల తిరిగేసరికి ఆఫీసు బోర్డు మీద ఒక సర్క్యులర్ వెలిసింది. ఇకపై ప్రతి వాహనం సర్వీసుకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మీటరు రీడింగు జాబ్ కార్డులో రాసి, డ్రైవరు సంతకం తీసుకోవాలట. ఇది 'రవాణా విభాగము వారి ప్రత్యేక చొరవ' అట. చదివి డ్రైవరమ్మ ఆఫీసరు గదికి వెళ్లింది. చొరవ ఎవరిదో అడగడానికి కాదు, మెమో గురించి.

"అదా? దాన్ని పక్కన పెట్టేశాం. ఇక మర్చిపో," అన్నాడు ఆఫీసరు.

"మీరు కాగితం మీద రాశారు సార్. కాగితం మీదే తీసెయ్యండి."

మొదటిసారి రేపు రమ్మన్నాడు. రెండోసారి సంతకం పెట్టాల్సినవాళ్లు సెలవన్నాడు. మూడోసారి ఒక కాగితం ఇచ్చాడు, 'సదరు మెమో ఉపసంహరించడమైనది' అని. ఆమె నిలబడే చదివి, తిరిగి బల్ల మీద పెట్టింది. "ఎందుకు ఉపసంహరించారో లేదు సార్. దయతలచి వదిలేసినట్టుంది. నాకు దయ వద్దు." నాలుగోసారి వెళ్తే, "నువ్వు మామూలు మనిషివి కాదు," అన్నాడు. మామూలు మనిషినే సార్, అందుకే ఇన్నిసార్లు తిరుగుతున్నా అంది.

అయిదోసారికి ఆ మాట వచ్చింది. 'వాహనములో తీవ్రమైన లోపమున్నట్లును, డ్రైవరు యొక్క ఫిర్యాదు సరియైనదిగాను తేలినందున.'

ఇంటికొచ్చి దర్జీకి చదివి వినిపించింది. ఆయన మిషను ఆపి, రెండుసార్లు చదివించుకున్నాడు. "ఇంకేం మరి, గెలిచావు కదా. ఇంకా ఆ మొహం ఏంటి?" అన్నాడు.

"నేను మీటరు రాసే మనిషిని కాకపోతే?" అంది ఆమె. "ఆ రోజు అక్కడ మేస్త్రి లేకపోతే? తప్పు నా చేతుల్లోనే ఉండిపోయేది కదా. ఒక్క మాట నిజమని ఒప్పించడానికి ఇంత తిరగాలా మనిషి?"

ఆయన కళ్లజోడు కిందికి లాక్కున్నాడు. మెల్లిగా మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆమె కాగితం మడిచి, లైసెన్సుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. మర్నాడు బుధవారం, ఆరింటికల్లా మేస్టారి గుమ్మం ముందు బండి ఉండాలి.